కచ్చా కుట్టు

పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని, స్టేజీ మీద మోకాళ్ళపై కూర్చుని చిలక గౌను అంచు సరిచేస్తుండగా సూది ఆ మాట విన్నది.

ఆ నాటక బృందంలో అందరికీ ఏదో ఒక ముద్దుపేరు ఉంది. గడగడా మాట్లాడుతుంది కాబట్టి కథానాయిక వేషం వేసే అమ్మాయి చిలక. నాటకం రాసి, కథానాయకుడి వేషం కూడా తనే వేసుకున్న అబ్బాయి కవి. వాళ్ళ బట్టలు కుట్టడానికి మార్కెట్ వీధి టైలర్ షాపు నుంచి వచ్చే అమ్మాయి సూది. ఆ పేరు పెట్టింది కవే. మొదట్లో ఒక్కడే పిలిచేవాడు. ఇప్పుడు అందరూ పిలుస్తున్నారు, అతను తప్ప. అతను అసలు పిలవడమే మానేశాడు.

"కదలకుండానే చెప్పమ్మా," అన్నారు నాటకం ఆడించే మాస్టారు కింద కుర్చీలోంచి. "గౌను పని గౌనుది, డైలాగు పని డైలాగుది. చివరి సీను. వాడు పోయాడు. కానీ."

కవి చెక్కల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. చిలక తల వంచి అతన్ని చూసింది. గొంతు తగ్గించింది.

"కొలతలు తీసేటప్పుడు ఊపిరికి కాస్త లూజు వదలాలని మాకు మొదటి రోజే నేర్పుతారు. రేపు నీకు కొత్త చొక్కా కుట్టాలి. ఈసారి లూజు వదలక్కర్లేదు కదా. ఊపిరి లేదుగా."

సూది చెయ్యి ఆగిపోయింది. గుండుసూది గుడ్డలోంచి బయటికొచ్చి ఆమె బొటనవేలికి గుచ్చుకుంది. నొప్పి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

వెనకెవరో ముక్కు ఎగబీల్చారు. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు.

"ఎక్కడ పట్టావురా ఈ మాట?"

శవం కళ్ళు తెరవకుండానే నవ్వింది. "ఏమో మాస్టారూ. కూర్చుంటే తన్నుకొచ్చేసింది."

"పోటీలో ఈ ఒక్క మాటకే కప్పు మనది. రాసి పెట్టుకో."

సూది నోరు తెరిస్తే గుండుసూదులు గొంతులోకి పోతాయి. ఒక్కొక్కటీ తీసి మణికట్టుకున్న దిండులో గుచ్చింది. అన్నీ తీశాక అరవడానికి నోరు ఖాళీ అయింది గానీ, అప్పటికి మాస్టారు రెండో అంకానికి లైట్లు మార్చమంటున్నారు, చిలక నీళ్ళ సీసా కోసం దిగిపోయింది, కవి లేచి బట్టలకంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు. అతను ఆమె వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత జాగ్రత్తపడ్డాడో ఆమె చూసింది.

*

పోటీ ఈ ఏడాది కుర్రకారుకి. పాతకాలపు విషాద ప్రేమకథ ఏదైనా తీసుకుని దాన్ని ఈనాటి పిల్లల కథగా మార్చి ఆడాలి. కవి తీసుకున్నది నుయ్యి తవ్వేవాడి కథ. పెద్దింటి పిల్ల నుయ్యి తవ్వే కుర్రాణ్ణి ప్రేమిస్తుంది. అతను అడుగున ఉండగా అన్నలు మన్ను పోసి నుయ్యి పూడ్చేస్తారు. ఆ పిల్ల ఆ మన్ను మీద తల పెట్టుకుని పడుకుంటుంది, మళ్ళీ లేవదు. కవి చేతిలో నుయ్యి పది అంతస్తుల భవనంలో లిఫ్టు అయింది. కుర్రాడు లిఫ్టు మెకానిక్కు అయ్యాడు. పిల్ల దుస్తుల డిజైను నేర్చుకునే అమ్మాయి అయింది. ఆమె ఆ చదువే ఎందుకు చదువుతోందో సూదికి ఆ రోజు అర్థమైంది. ఆ ఒక్క మాట కోసం ఆ చదువు పెట్టాడు.

షాపులో పెద్దమ్మ మిషన్ తొక్కుతూనే తల తిప్పి చూసింది. "ఏమే, మొహం అలా ఉంది? వాళ్ళేమన్నా అన్నారా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ చొక్కా చెయ్యి తిరగేసి ఎందుకు పెట్టావ్?"

సూది చూసుకుంది. కుడి చెయ్యి తెచ్చి ఎడమ భుజానికి జోడించింది. ఊడదీయడం మొదలుపెట్టింది.

"నాకు ఆ కవి కుర్రాడు పాసు పంపాడు," అంది పెద్దమ్మ. "మొదటి వరసట. పాపం, మంచి పిల్లాడు. మనల్ని గుర్తుపెట్టుకుని పంపాడు చూడు."

సూది చేతిలో బ్లేడు ఆగింది. "నువ్వు రావద్దు పెద్దమ్మా."

"ఎందుకొద్దూ? నేను కుట్టిన బట్టలు నేను చూసుకోకూడదా? మీ అమ్మ ఉంటే మనకంటే ముందే వెళ్ళి కూర్చునేది."

పెద్దమ్మ మళ్ళీ మిషన్ మీదికి వంగింది.

అమ్మ పోయినప్పుడు, పెట్టెలో పడుకోబెట్టడానికి గౌను కుట్టింది ఈ బల్ల మీదే. పెద్దమ్మ కత్తిరించింది, సూది కుట్టింది. కత్తిరిస్తూ కత్తిరిస్తూ పెద్దమ్మ ఆగి, "ఊపిరికి లూజు వదిలేశానే. అలవాటు. ఇంకెందుకే దానికి?" అంది. చెల్లెలి కోసం ఆమె ఏడ్చింది అప్పుడొక్కసారే. ఆ సంగతి సూది ప్రపంచంలో ఒక్క మనిషికి చెప్పింది, ఫోనులో వాయిస్ మెసేజీలుగా, మేడ మీద నిలబడి, ఆగి ఆగి.

ఆ మాట ఇప్పుడు మొదటి వరసలో కూర్చుని పెద్దమ్మ వినబోతోంది.

*

మర్నాడు కవి ప్యాంటు ట్రయలుకి వచ్చాడు. పెద్దమ్మ బొత్తాలు కొనడానికి వెళ్ళిన వేళ చూసుకుని వచ్చాడా, తెలియక వచ్చాడా అన్నది చెప్పలేం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, రోజూ వచ్చే మనిషిలా, "ఉక్కగా ఉంది, ఫ్యాను వేస్తావా?" అన్నాడు.

సూది ఫ్యాను వేసింది. నీలం ప్యాంటు చేతికిచ్చింది. అతను తెర వెనక్కి వెళ్ళి వేసుకుని వచ్చి అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు.

"ఇంకాస్త టైటు చెయ్యి. మెకానిక్కైతే మాత్రం సంచిలా ఉండాలా ఏం?"

ఆమె చాక్ ముక్క తీసుకుని వెనక్కి వచ్చింది. నడుం దగ్గర గీత పెడుతూ అడిగింది.

"ఆ మాట ఎవరిది?"

అద్దంలో అతని మొహం మారలేదు. "ఏ మాట?"

"నీకు తెలుసు."

కవి నడుంపట్టీ సర్దుకున్నాడు. తరవాత అద్దంలోంచే ఆమెను చూసి, గొంతు మెత్తగా చేశాడు. ఆ మెత్తదనం ఆమెకు తెలుసు. ఒకప్పుడు దానికోసమే ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేది.

"నీ పేరు పెట్టలేదు. మీ ఊసే లేదు. ఎవరికీ తెలీదు. అసలు నువ్వు సంతోషపడాలి. మీ అమ్మ సంగతి ఆరొందల మంది వింటారు, ఏడుస్తారు. నీలోనే దాచుకుంటే ఎవరికి పనికొస్తుంది చెప్పు?"

"నాకు పనికొస్తుంది."

"అలా కాదు. రాయడమంటే ఇదే. చుట్టూ ఉన్నదే తీసుకుంటాం. గాల్లోంచి రాదుగా?"

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట. అలా ఉంది."

అతను నవ్వాడు. నవ్వితే ఇప్పటికీ బాగుంటాడు. అది ఆమెకు మరింత ఒళ్ళుమంట.

"పెద్దమ్మ ఆ లూజు తీసెయ్యలేదు," అంది సూది. "ఉండనీలే, ఇరుకైతే దానికి నచ్చదు అని అలాగే వదిలి కుట్టించింది. నీకు అదీ చెప్పాను. అది రాయలేదేం?"

"అది పెడితే ఎఫెక్టు పోతుంది," అన్నాడు కవి, వెంటనే, ఆలోచించకుండానే. అంతటితో ఆగినా బాగుండేది. "అన్నట్టు, ఆస్పత్రిలో చివరి రోజు గురించి కూడా ఏదో చెప్పావు కదా? చేతి గాజుల గురించో ఏదో. ఆ మెసేజీలన్నీ తీసేశాను, ఫోను నిండిపోతోందని. మళ్ళీ ఒకసారి పంపవా? క్లైమాక్సులో ఇంకో రెండు లైన్లు పడితే..."

సూది చాక్ ముక్క బల్ల మీద పెట్టింది. అతని వెనక తల వంచి నిలబడింది కాబట్టి అద్దంలో ఆమె కళ్ళు అతనికి కనబడలేదు.

"ఎంత టైటు కావాలన్నావు?"

"ఒంటికి అతుక్కున్నట్టుండాలి."

"సరే. అలాగే చేస్తాను."

అతను తృప్తిగా వెళ్ళాడు. కోపం దిగిపోయిందనుకున్నాడు కాబోలు.

*

ఆ మధ్యాహ్నం సూది ఆ ప్యాంటు ముందేసుకుని కూర్చుంది. పెద్దమ్మ తిన్నాక బల్ల పక్కనే చాప మీద కునుకు తీస్తోంది.

మొదట పక్క కుట్లు లోపలికి పట్టింది. అతను అడిగినంత, అడిగినదానికి కాస్త ఎక్కువ. తరవాత వెనక నడిమి కుట్టు తీసుకుంది. మిషన్ మీద రెండు వరసలుగా, తనే, ఎంతో గట్టిగా వేసిన కుట్టు అది. బ్లేడు మొనతో ఒక్కొక్క ముడీ తెంపింది. దారపు ముక్కలు ఒళ్ళో రాలాయి. రెండు ముక్కలూ విడిపోయాక, అరలో అడుగున పడి ఉన్న పాత దారం వెతికి తీసింది. పట్టి లాగితే తెగే దారం. దాంతో చేత్తో కచ్చా కుట్టు వేసింది. ట్రయలు చూసేటప్పుడు వేసి, తరవాత పీకేసే కుట్టు. పొడుగు పొడుగు అంగలు. చంటిపిల్లాడు లాగినా ఊడొస్తుంది.

ఇస్త్రీ పెట్టె కాల్చి పైన నొక్కింది. మడత పెట్టి ఎత్తి చూసింది. కొత్త ప్యాంటు. కంటికి ఏ లోపమూ లేదు.

రెండో అంకంలో లిఫ్టు తలుపు దగ్గర అతను ఒక మోకాలి మీద కూర్చుని ప్రేమించానని చెప్పే సీనుంది. ప్రేక్షకులకు వీపు పెట్టి కూర్చుంటాడు. మాస్టారు అలా పెట్టారు, చిలక మొహం కనబడాలని. సూది కళ్ళు మూసుకుంది. చిర్రుమని చినిగిన చప్పుడు విన్నది. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తరవాత ఆరొందల మంది నవ్వు. ముందు వెనక వరసల కుర్రాళ్ళు, తరవాత ఆడపిల్లలు, తరవాత జడ్జీలు. చివరి సీనులో ఎవరేం మాట్లాడినా ఇక ఎవరికీ ఏడుపు రాదు. అమ్మ మాట ఆ నవ్వులో కొట్టుకుపోతుంది, ఎవరి చెవినా పడదు. పెద్దమ్మ కూడా నవ్వుతుంది. నవ్వనీ.

ఆ నవ్వును ఆమె మళ్ళీ మళ్ళీ వింది. ఎన్నిసార్లు విన్నా తనివి తీరలేదు.

"ఏంటే నీలో నువ్వే ముసిముసిగా?" అంది పెద్దమ్మ చాప మీద నుంచి, ఒక కన్ను తెరిచి.

"పని అయిపోయింది పెద్దమ్మా. అందుకే."

*

చిలక తన గౌను కోసం సాయంత్రం వచ్చింది. పెద్దమ్మ ఎదురింటావిడతో వీధిలో మాట్లాడుతోంది. చిలక తెర వెనక గౌను వేసుకుంటూనే మాట్లాడుతోంది, మాస్టారి గురించి, ఎండల గురించి, చెప్పుల గురించి. బయటికొచ్చి చేతులెత్తి నిలబడింది. సూది టేపు పట్టుకుని నడుం చుట్టూ తిప్పింది.

"నిన్నొకటి అడుగుతాను, నవ్వకూడదు," అంది చిలక. "ఈ మిషన్ కింద ఒక చిన్న చక్రంలాంటిది ఉంటుందట కదా, దారం చుట్టి పెట్టేది?"

"బాబిన్."

"ఆ. అందులో దారం అయిపోతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, కుట్టు పడదు. ఎందుకు?"

చిలక ఫోను తీసింది. సిగ్గుపడుతూ చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ మనసు మార్చుకుని బయటికే పెట్టింది. కవి గొంతు వచ్చింది, మెత్తగా, ఆగి ఆగి. "నువ్వు కనబడని రోజు నా పని ఎలా ఉంటుందో తెలుసా? బాబిన్‌లో దారం అయిపోయిందని తెలీక కుట్టుకుంటూ పోయినట్టు. వెనక్కి తిరిగి చూస్తే అన్నీ చిల్లులే. కుట్టు ఒక్కటీ లేదు."

"ఎంత బాగా చెప్పాడో కదా," అంది చిలక. "వాడికి ఈ మిషన్ సంగతులన్నీ ఎలా తెలుసో అని..."

సూది టేపు చుట్టుకుంటోంది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"వాడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు," అంది.

చిలక నోరు తెరిచి, మూసుకుంది. అరల్లో దారపు ఉండల్ని, మిషన్‌ను, సూది వేళ్ళను చూసింది. గోడ మీద సూది తల్లి ఫోటోను చూసింది. చాలాసేపు చూసింది.

"చివరి సీనులో మాట," అంది నెమ్మదిగా. "అదీ...?"

సూది తలూపింది. ఫోటో వైపు చూపించలేదు. అవసరం లేకపోయింది.

"నువ్వు వాడికి చెప్పుకున్న మాటలే వాడు... నాకు..." చిలక మాట పూర్తి చేయలేదు. గడగడా మాట్లాడే పిల్లకి మాట అందకపోవడం సూది చూడటం అదే మొదటిసారి. ఆ పిల్ల లోపలికి వెళ్ళి గౌను విప్పి, తన బట్టలు వేసుకుని వచ్చింది. గౌను మడత పెట్టించుకుని సంచిలో పెట్టుకుంది.

"నాకు ఈ కప్పు కావాలి," అంది గుమ్మంలో ఆగి, ఎవరితోనో గొడవపడుతున్నట్టు. "ఉత్తమ నటి వస్తే మా నాన్న నన్ను నటన స్కూలుకి పంపిస్తానన్నాడు. లేకపోతే లేదు. ఒకే అవకాశం."

"నేను నిన్నేమీ అడగలేదు," అంది సూది.

"అవును. అడగలేదు."

వెళ్ళిపోయింది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల, ఈపాటికి వాడికి చెప్పేసి ఉంటుందని సూది అనుకుంది. చెప్పినా వాడేం చేస్తాడు? ప్యాంటు సంగతి చిలకకీ తెలియదు.

*

పోటీ రోజు హాలు కిటకిటలాడింది. పెద్దమ్మ మొదటి వరసలో, తీసి దాచుకున్న బట్టలు కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సూది పక్క తెర చాటున నిలబడింది. నడుముకి చిన్న సంచి, అందులో దారాలు, కత్తెర, రెండు సూదుల్లో ముందే ఎక్కించిన దారం. నాటకంలో ఏ బొత్తం ఊడినా పరుగెత్తాలి. ఆమె పక్కన తెర లాగే బాబాయ్ తాడు చేతికి చుట్టుకుని ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆ హాల్లో తెర లాగుతూ ముసలివాడైపోయిన మనిషి.

"ఏడుపు నాటకమా, నవ్వు నాటకమా?" అని అడిగాడు.

"ఏడుపుదే బాబాయ్. చూద్దాం."

రెండో అంకం వచ్చింది. లిఫ్టు తలుపు వెలిగింది. కవి చిలక ఎదురుగా నిలబడ్డాడు. సూది తెర అంచు పిడికిట్లో పట్టుకుంది. ఇప్పుడు. ఇప్పుడు కూర్చుంటాడు.

కూర్చోలేదు. మోకాలు వంచబోయి, ఎక్కడో బిగుసుకున్నట్టుంది, ఆగిపోయాడు. లిఫ్టు తలుపుకి చెయ్యి ఆనించి, నిలబడే, ప్రేమించానన్నాడు. అవతలి పక్క నుంచి మాస్టారు పళ్ళు కొరికారు. హాలంతా బుద్ధిగా వింది. టైటు మరీ ఎక్కువ పట్టింది. తన చేతి పనే తన పగకి అడ్డొచ్చింది.

లిఫ్టు తాడు తెగింది. లైటు ఆరింది, వెలిగింది. ఇద్దరు కుర్రాళ్ళు కాపలావాళ్ళ వేషంలో కవిని భుజాలు, కాళ్ళు పట్టి మోసుకొచ్చి స్టేజీ మధ్యన పడుకోబెట్టారు. దించేటప్పుడు నడుము కిందికి జారింది. పక్క నుంచి చూస్తున్న సూదికి కనబడింది. నీలం గుడ్డ కాస్త నోరు తెరిచింది. మూడు అంగలు పోయాయి. ఇంకొక్కసారి ఒళ్ళు వంచితే మొత్తం పోతుంది. కవికీ తెలిసినట్టుంది. వీపు చెక్కలకి అదిమి, బిర్రబిగుసుకుని పడుకున్నాడు. అంత మంచి శవం ఏ రిహార్సల్లోనూ కాలేదు.

చిలక వచ్చింది. అతని పక్కన కూర్చుంది. హాలు ఊపిరి బిగబట్టింది.

"కొలతలు తీసేటప్పుడు..."

ఆగింది.

"ఊపిరికి," అని తెర చాటు నుంచి మాట అందించే అబ్బాయి గుసగుసలాడాడు. "ఊపిరికి కాస్త..."

చిలక తల అడ్డంగా ఊపింది. లేచి నిలబడింది. జనం వైపు తిరిగింది. ఏడుపు గొంతు పోయి, మామూలు గొంతు వచ్చింది, షాపులో గౌను గురించి మాట్లాడిన గొంతు.

"తరవాతి మాట నేను అననండీ. ఇది నాటకంలోది కాదు, నేనే చెబుతున్నాను. ఒకమ్మాయి వాళ్ళమ్మ పోయినప్పుడు, నమ్మి, ఒక్కడికి చెప్పుకున్న మాట అది. వాడు దాన్ని తెచ్చి తనే రాశానన్నాడు. నా నోట్లో పెట్టాడు. ఆ మాట అన్నప్పుడల్లా నన్ను మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. అంటున్నంతసేపూ ఆ అమ్మాయి నా కాళ్ళ దగ్గర కూర్చుని నా గౌను సరిచేస్తోందని నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు. తెలిసీ అంటే నేనూ దొంగనే."

వెనక వరసల్లో ఎవరో కుర్రాడు కిసుక్కుమన్నాడు. పక్కవాడు "ష్" అన్నాడు.

అప్పుడు సూదికి భయం వేసింది. వాడు లేస్తే? ఇప్పుడు కోపంతో లేచి కూర్చుంటే ఆ కుట్టు పోతుంది. హాలంతా నవ్వుతుంది. నవ్వితే ఈ పిల్ల అన్నదంతా ఆ నవ్వులో పోతుంది. రేపు వీధిలో ప్యాంటు చినిగిన సంగతే చెప్పుకుంటారు. ఇన్ని రోజులు ఏ చప్పుడు కోసం చెవులు రిక్కించిందో, ఆ చప్పుడు రాకూడదని ఆమె పళ్ళు బిగించింది. తెగకు, తెగకు అని తను వెతికి వెతికి తీసిన పాత దారాన్ని బతిమాలింది.

"పాత కథలో ఈ పిల్ల ఇక్కడే వాడి పక్కన పడుకుని చచ్చిపోవాలి," అంది చిలక. కిందికి చూసింది. శవం గొంతులో ముడి పైకీ కిందికీ ఆడుతోంది. కనురెప్పలు వణుకుతున్నాయి. "వీడి కోసం నేను చావను."

అవతలి పక్కకి నడిచి వెళ్ళిపోయింది. స్టేజీ మీద శవం ఒక్కటే మిగిలింది. కవి లేవలేదు. దారం తెగలేదు. మొదటి వరసలో పెద్దమ్మ చేతిసంచి ఒళ్ళోంచి జారి కింద పడింది. ఆమె వంగి తీసుకోలేదు.

మాస్టారు చెయ్యి ఊపితే బాబాయ్ తెర దించాడు.

*

తెర వెనక కవి లేచాడు. చిర్రుమంది. చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకున్నాడు. వేళ్ళకి ఊడిన దారం తగిలింది. దాన్ని లాగి చూశాడు, సూదిని చూశాడు.

"నువ్వేనా?"

"నేనే."

అవతలి నుంచి మాస్టారు గొంతు, "అందరూ వచ్చి దండం పెట్టాలి, రూలు! రచయిత ముందు! తొందరగా!" అని అరుస్తోంది. తెర అవతల చప్పట్లు లేవు. జనం గుసగుసలు సన్నగా వినిపిస్తున్నాయి.

కవి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చేతిలో దారం చూస్తూ చూస్తూ, ఆ మొహంలోకి కొంచెం కొంచెంగా రంగు వచ్చింది. కళ్ళు మెరిశాయి.

"మంచి పని చేశావు," అన్నాడు. "ఇలాగే వెళ్తా. వెళ్ళి వెనక్కి తిరిగి వంగుతా. నా గతి చూడండి, దానికి డైలాగు చినిగింది, నాకు ప్యాంటు చినిగింది అంటా. పడి పడి నవ్వుతారు. ఒకసారి నవ్వినవాళ్ళు మళ్ళీ తిట్టరు."

నిజమే. సూదికి తెలుసు అది నిజమేనని. నవ్వించి బయటపడతాడు. రేపటికి సరదా మనిషైపోతాడు.

అతను అటు తిరిగాడు. ఆమె ప్యాంటు నడుంపట్టీ దొరకబుచ్చుకుంది.

"నిలబడు."

"వదులు. టైము లేదు."

"కదిలితే సూది దిగుతుంది."

దిగింది కూడా, కొంచెం. అతను "అబ్బా!" అని ఆగిపోయాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, రెండు పేటల దారంతో, వెనక్కి ఒక కుట్టు ముందుకి ఒక కుట్టు వేస్తూ, పై నుంచి కింది దాకా లాగి బిగించింది. ఆమె చెయ్యి అంత వేగంగా ఎప్పుడూ నడవలేదు. ముడి వేసి, దాని మీద మరో ముడి వేసి, దారం పళ్ళతో తెంపింది. చొక్కా కిందికి లాగి సర్ది, భుజం మీద దుమ్ము కూడా దులిపింది.

"ఇప్పుడు వెళ్ళు," అంది. "ఎంత వంగినా చినగదు."

అతను ఆమెను చూశాడు. ఆ మొహం మీద ఇప్పుడు ఏ తెలివీ లేదు. మాస్టారు వచ్చి రెక్క పట్టుకుని స్టేజీ మధ్యకి నెట్టారు.

బాబాయ్ తాడు లాగాడు. తెర లేచింది. కవి వెలుగులో నిలబడ్డాడు. మిగతావాళ్ళు ఎవరూ వెంట రాలేదు, చిలక పక్కన గుంపుగా నిలబడిపోయారు. అతను చేతులు జోడించాడు, వంగాడు, లేచాడు. ఒక్క చప్పట కూడా లేదు. నవ్వూ లేదు. అతను ఏదో అనబోయి మానేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి పెట్టుకున్నాడు. మొదటి వరసలో పెద్దమ్మ లేచి నిలబడింది. ఆమె వెనక ఇంకెవరో లేచారు. ఎవరూ వెళ్ళిపోవడం లేదు. నిలబడి చూస్తున్నారు.

బాబాయ్ తాడు పట్టుకుని ఇబ్బందిగా కదిలాడు. "దించెయ్యనా అమ్మడూ? పాపం, చూడలేకపోతున్నాను."

సూది సంచిలో సూదులు సర్దుకుంటోంది. తల ఎత్తి స్టేజీ వైపు చూసింది.

"ఉండు బాబాయ్," అంది. "ఇంకాసేపు నిలబడనీ."